లహరి గదికి రెండుసార్లు వేసిన నేల

సివిల్ డిప్లొమా చేసి ఇళ్ళ ఫినిషింగ్ పనుల్లోకి వస్తున్న పిల్లలు కొందరు, మేడం, మీ అనుభవాలు రాసివ్వండి, మాకు పనికొస్తాయి అని అడుగుతున్నారు. రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. రిటైరైతే తగ్గుతుందని మా ఆయన ఆశపడ్డారు. తగ్గలేదు సరికదా, ఇంట్లో కూర్చుని ఆలోచించే తీరిక దొరికేసరికి ఇంకాస్త పెరిగింది.

ఎన్ని ఇళ్ళు చేశాను, ఎవరు శాలువా కప్పారు అనే గొడవ మీకెందుకు? రాజమండ్రిలో ఒక బిల్డరు దగ్గర సైటు ఇంజనీరుగా చేరాను. తర్వాత సొంతంగా రెండు గోదావరి జిల్లాల్లోనూ ఇళ్ళకు నేలలు వేయించాను. వాటిలో ఒక్క గది గురించే ఇక్కడ రాస్తాను. ఎదిగిన పిల్లల గది. హైస్కూలుకో ఇంటర్మీడియట్‌కో వెళ్ళే పిల్ల పడుకుని, చదువుకుని, తలుపు వేసుకుని ఏడ్చుకునే గది. ఇంట్లో అన్ని గదుల కంటే మనవాళ్ళు ఎక్కువ అన్యాయం చేసేది ఆ గదికే.

ఒక్క పూట కోసం

మన వైపు నేలను ఎంచుకునేది గృహప్రవేశం నాటి పొద్దుటి కోసం. పాలు పొంగించడం అయిపోయాక, టిఫిన్లకు ముందు, చుట్టాలందరూ చెప్పులు బయట విప్పి గదులు తిరుగుతారు. ఇంటాయన కొత్త పంచె సర్దుకుంటూ ముందు నడుస్తాడు. ఇది హాలండి, ఇది పూజగదండి, ఇది అమ్మాయి గదండి అని తలుపులు తీస్తుంటాడు. వచ్చినవాళ్ళు పైకప్పు ఒకసారి, నేల ఒకసారి చూసి, అద్దంలా ఉందండి అంటారు. ఇంటాయన మొహం వెలిగిపోతుంది. ఆ ఒక్క మాట కోసమే అంత తతంగం. అన్నవాళ్ళు పులిహోర తిని వెళ్ళిపోతారు. ఆ అద్దం మీద తడి కాళ్ళతో ఏళ్ళ తరబడి తిరగాల్సింది మాత్రం ఇంట్లోవాళ్ళు.

ఇంకో దరిద్రం కూడా ఉంది. ముహూర్తం ముందు పెట్టుకుంటారు, నేల సంగతి తర్వాత ఆలోచిస్తారు. కింద కాంక్రీటు ఆరలేదండీ, ఇంకొన్నాళ్ళు ఆగండి అంటే, పంతులు గారు మళ్ళీ ముహూర్తం లేదన్నారు అంటారు. సిమెంటు పంచాంగం చూసి ఆరుతుందా? తడి లోపలే ఉండిపోతుంది. తర్వాత అంచుల వెంబడి తెల్లగా ఉప్పు పూస్తుంది. అప్పుడు మనల్ని పిలిచి తిడతారు.

పిల్లల గదిలో ఏం జరుగుతుంది

గది ఎవరిదో చూడకుండా నేల ఎంచకండి. ఈ వయసు పిల్లలు మంచం మీద చదవరు, నేల మీద బోర్లా పడుకుని చదువుతారు. చక్రాలున్న చదువు కుర్చీని ఆ గోడ నుంచి ఈ గోడకు ఈడుస్తారు. గోళ్ళ రంగు ఒలకబోస్తారు. మంచినీళ్ళ సీసా మూత పెట్టరు. స్నానం చేసి కాళ్ళు తుడుచుకోకుండా ఫోను మోగుతోందని పరిగెత్తుకొస్తారు. తిట్టి లాభం లేదు, ఆ వయసు అలాంటిది. వాళ్ళు చేసేవన్నీ తట్టుకునేలా నేల వేయడం మన పని.

నునుపు టైల్స్ వద్దు. మెరుపు లేని మ్యాట్ ఫినిష్ వేయించండి. అది మురికి పట్టేస్తుందని షాపువాడు చెబితే నమ్మకండి, తుడిస్తే పోతుంది. బాత్రూము గుమ్మం ముందు మాత్రం కాలు జారని గరుకు టైల్స్ తప్పనిసరి. పాలరాయి మీద నిమ్మరసం పడితే మచ్చ పోదు, కాబట్టి అది కూడా పిల్లల గదికి పనికిరాదు. కార్పెట్ జోలికి అసలు వెళ్ళకండి. మన చెమ్మకు అది కుళ్ళు వాసన కొడుతుంది. మెత్తగా కావాలంటే అడుగున స్పాంజిలాంటి ఫోమ్ ఉన్న మందపాటి వినైల్ ప్లాస్టిక్ షీటు ఉంది. దాని మీద బిందెలతో నీళ్ళు పోసి కడగకూడదు, తడిగుడ్డతో తుడుచుకోవాలి. ఈ ఒక్క మాట మన ఆడవాళ్ళకు మింగుడుపడదు. శుక్రవారం ఇల్లంతా నీళ్ళు పారించకపోతే వాళ్ళకు ఇల్లు శుభ్రమైనట్టు ఉండదు.

చెక్క నేల గురించి మా బిల్డరు గారి కథ చెప్పాలి. ఆయన మంచి మాటకారి. ఆయన సూత్రం ఒకటే. "గది ఎవరిదని అడక్కమ్మా. రంగు ఏది కావాలని అడుగు, చాలు" అనేవారు. ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి అబ్బాయి గదికి కేటలాగులో చూసి లామినేట్ చెక్క, అంటే చెక్కపొడిని అదిమి చేసే పలకలు, కావాలన్నారు. ఇల్లు గోదావరి గట్టుకు దగ్గర. చెమ్మ వస్తుందండీ, ఉబ్బిపోతుంది అన్నాను. మా బిల్డరు గారు నన్ను పక్కకు పిలిచి, కస్టమరు ముందు అపశకునం మాట్లాడొద్దన్నారు. వేశాం. వర్షాకాలం దాటకుండానే పలకలు అంచుల దగ్గర లేచి నిలబడ్డాయి. ఆ ఇంటాయన అడగ్గానే మా బిల్డరు గారు తడుముకోకుండా, మీ అబ్బాయి తడి తువ్వాళ్ళు నేల మీద పడేస్తున్నాడండీ, అందుకే అన్నారు. ఆ తండ్రి నమ్మాడు. మా కళ్ళ ముందే పిల్లాణ్ణి చెంప మీద కొట్టాడు.

తడి కింద నుంచి వచ్చిందండీ, పిల్లాడి తప్పేమీ లేదు అని అక్కడే చెప్పాను. ఒక పలక పైకి లేపి అడుగున బూజు చూపించాను. ఆ మర్నాటి నుంచి నేను ఆయన దగ్గర పనికి వెళ్ళలేదు. ఆయన పిలవనూ లేదు. పెద్దవాళ్ళు తమ షోకు కోసం తప్పుడు నేల వేయించి, ఆ తప్పు పిల్లల నెత్తిన రుద్దడం నాకు అప్పటి నుంచి బాగా అలవాటైన దృశ్యం. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది.

నేను అడిగే ప్రశ్నలు

సొంతంగా పని మొదలుపెట్టాక ఏ గదికైనా కొలతల కంటే ముందు ప్రశ్నలు అడిగేదాన్ని. ఈ గదిలో ఎవరు పడుకుంటారు? చెప్పులు వేసుకుని తిరుగుతారా, వట్టి కాళ్ళతోనా? మోకాళ్ళ నొప్పులు, కళ్ళు తిరగడం, ఉబ్బసం లాంటివి ఏమైనా ఉన్నాయా? దుమ్ము పడదా? కొందరు నవ్వేవారు. ఏంటండీ, నేల వేయడానికి వచ్చారా, పెళ్ళిచూపులకు వచ్చారా అనేవారు. నవ్వితే నవ్వనిచ్చేదాన్ని. మీరు కూడా అడగండి. అయితే ఎంత అడిగినా అబద్ధం చెప్పేవాళ్ళు ఉంటారు. నా ఆఖరి పనుల్లో ఒకటి అలాంటిదే.

అమలాపురం ఇల్లు

అమలాపురంలో భాస్కరరావు గారని మెడికల్ షాపు ఆయన కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఊళ్ళో మంచి పేరు. మందు ఇచ్చేటప్పుడు ఎలా వేసుకోవాలో ఓపిగ్గా చెబుతారని, జబ్బు దాచుకోకూడదమ్మా అని కాస్త ధైర్యం కూడా చెబుతారని అందరూ అనేవారు. ఆయన భార్య పద్మ గారు నెమ్మదస్తురాలు. ఒక్కతే కూతురు, లహరి. అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం.

లహరి గదిలో నిలబడి నా ప్రశ్నలన్నీ అడిగాను. అమ్మాయికి ఆరోగ్యం ఏమైనా ఇబ్బంది ఉందా అన్నాను. భాస్కరరావు గారు వెంటనే, "ఏమీ లేదండి. బంగారంలాంటి పిల్ల" అన్నారు. పద్మ గారు కిటికీ వైపు చూస్తున్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే. ఆ గది బాత్రూము తలుపుకు లోపల గడియ వద్దన్నారు. ఎందుకండీ అన్నాను. ఆయనే అందుకుని, ఈ కాలం పిల్లలు గడియ పెట్టుకుని ఫోను చూస్తారు కదండీ అని నవ్వేశారు. అలాంటి తండ్రులు చాలామంది ఉంటారు. నమ్మాను.

నేల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు హాల్లో వేసిన తెల్లటి నునుపు పలకలే ఇక్కడా కావాలి. కిటికీ కింద కూర్చోవడానికి రాతి అరుగు, దానికి కత్తిలాంటి అంచు. బాత్రూముకు ఎత్తు గడప. పిల్లల గది కదండీ, మ్యాట్ వేద్దాం, అరుగు అంచు గుండ్రంగా తిప్పుదాం అన్నాను. గరుకు టైల్స్ బాత్రూముల్లో వేసుకుంటారు గానీ గదిలో ఎందుకు అన్నారాయన. అంచు గుండ్రంగా తిప్పితే పాతకాలం ఇల్లులా ఉంటుందట.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్న లహరి, "ఆంటీ, మెత్తగా ఉండే నేల ఏదైనా ఉంటుందా?" అని అడిగింది.

ఉందమ్మా అని సంచిలోంచి వినైల్ ముక్క తీసి ఇచ్చాను. ఆ పిల్ల దాన్ని బొటనవేలితో నొక్కి చూసింది. చెంపకు ఆనించుకుంది. నేల ముక్కను చెంపకు ఆనించుకున్నవాళ్ళను నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. భాస్కరరావు గారు దాన్ని కూతురి చేతిలోంచి తీసుకుని నాకు తిరిగి ఇచ్చేశారు. "ఇది ఆస్పత్రుల్లో వేస్తారండి. మనింట్లో ఎందుకు?" అన్నారు. ఆయన గొంతులో అంత చిరాకు ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆయన అడిగినట్టే వేశాం. గృహప్రవేశానికి నేనూ వెళ్ళాను. చుట్టాలంతా ఆ గదిలోకి తొంగిచూసి అద్దంలా ఉందన్నారు. లహరి పట్టుచీరలో ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. లేవబోయినప్పుడల్లా పద్మ గారు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెడుతున్నారు. హోమం పొగకు దూరంగా ఉంచుతున్నారేమో అనుకున్నాను.

కుట్లు

ఆ తర్వాత కొన్నాళ్ళకు పద్మ గారు ఫోను చేశారు. అరుగు అంచు మీరు చెప్పినట్టు గుండ్రంగా చేయించాలండి, ఒకసారి రాగలరా అన్నారు. గొంతు బాగాలేదు. వెళ్ళాను.

లహరి మంచం మీద కూర్చుని ఉంది. నుదుటి మీద కుట్లు. కింది పెదవి వాచి ఉంది. పై పన్ను ఒకటి సగం విరిగింది. పదహారేళ్ళ పిల్ల మొహం అది. పద్మ గారు, జారిపడిందండి అన్నారు. బాత్రూములోంచి తడికాళ్ళతో వచ్చిందా, ఎక్కడ జారింది, ఏ పలక మీద అని నేను వంగి నేల తడిమి చూస్తున్నాను. ఏ పలకా కదల్లేదు. ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు.

"తడి లేదాంటీ," అంది లహరి. "నేను జారలేదు. నాకు ఫిట్స్ వస్తాయి."

పద్మ గారు గబుక్కున వెళ్ళి గది తలుపు వేశారు. ఇంట్లో ఆ పూట మేం ముగ్గురమే ఉన్నాం. బయట ఎవరూ లేరు. అయినా వేశారు. ఆ తలుపు వేయడం చూశాక నాకు విషయమంతా అర్థమైంది, కోపం నషాళానికి అంటింది.

మిగతాది ఆ పిల్లే చెప్పింది. ఏడో తరగతి నుంచి వస్తున్నాయి. కాకినాడలో చూపిస్తున్నారు. మాత్రలు నాన్న షాపులోంచే వస్తాయి. వాటిని రేకులోంచి విడదీసి విటమిన్ల డబ్బాలో పోసి ఇస్తారు, ఎవరైనా చూసినా తెలియకుండా. పొద్దుటి మాత్ర కాలేజీలో అందరి ముందూ వేసుకోకూడదని చెప్పారు. అందుకని ఆలస్యమైన రోజుల్లో మానేసేది. పడ్డ రోజు కూడా మానేసింది. స్పృహ వచ్చేసరికి చేతిలో బీరువా తాళాలు ఉన్నాయి, నోట్లో రక్తం ఉంది. తాళాలు పెట్టింది పద్మ గారే. మందుల షాపు వాళ్ళింట్లో ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెడుతున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

భాస్కరరావు గారు షాపు నుంచి భోజనానికి వచ్చారు. నన్ను చూసి, భార్యను చూసి, జరిగింది గ్రహించారు. నేను కూర్చోలేదు. నిలబడే అడిగాను.

"ఆరోగ్యం ఇబ్బంది ఏమైనా ఉందా అని మిమ్మల్ని ఈ గదిలోనే అడిగాను కదండీ. నాకెందుకు అబద్ధం చెప్పారు?"

ఆయన చొక్కా జేబులో పెన్ను సర్దుకున్నారు. "మీకు చెబితే మీ మేస్త్రికి తెలుస్తుందండి. మేస్త్రికి తెలిస్తే ఊరంతా తెలుస్తుంది. ఆడపిల్లండి. రేపు సంబంధం ఎవరిస్తారు?"

"పిల్ల తల పగిలి పోతే ఏ సంబంధం చూస్తారండీ?"

అన్నాను. అనాల్సింది కాదని కొందరు అంటారు. ఇప్పుడైనా అదే అంటాను. ఊళ్ళో ఎంతమందికి ఆయన ఆ మాత్రలే అమ్ముతూ, ఇది మామూలు జబ్బేనమ్మా, క్రమం తప్పకుండా వేసుకుంటే చాలు అని చెబుతారో! ఆ మాట కూతురికి ఒక్కసారి చెప్పలేదు. అద్దంలాంటి నేల, కత్తిలాంటి అంచు, విటమిన్ల డబ్బా ఇచ్చారు. తెలియనివాళ్ళు చేస్తే జాలిపడేదాన్ని. అన్నీ తెలిసి చేసినవాళ్ళ మీద జాలి నాకు రాదు.

రెండోసారి

ఆయన కూతురి నుదుటి మీద కుట్ల వైపు చూశారు. తర్వాత, ఏం చేయాలో చెప్పండి అన్నారు. ఆ మాట మాత్రం నిజాయితీగానే అన్నారు.

ఈ భాగం జాగ్రత్తగా చదవండి, మీకు పనికొస్తుంది. ఉన్న టైల్స్ పగలగొట్టనవసరం లేదు. ముందు నేల మీద ఒక ప్లాస్టిక్ కవరు పరిచి, నాలుగంచులా టేపు వేసి, మర్నాటి దాకా ఉంచాం. తీస్తే అడుగున చెమట పట్టలేదు. అంటే కింద నుంచి తడి రావడం లేదు. కోనసీమలో ఈ పరీక్ష చేయకుండా షీటు వేస్తే అంతే సంగతులు, అడుగున బూజు పట్టి లేచిపోతుంది. తర్వాత టైల్స్ నునుపు పోయేలా రాపిడి పట్టించి, సందులు పూడ్చి, సమం చేసి, మందపాటి ఫోమ్ ఉన్న షీటు అతికించాం. అతుకు లేకుండా ఒకే ముక్క వేయించాను. అతుకు లేస్తే కాలు తగులుతుంది. గోడల దగ్గర షీటును కొంచెం పైకి తిప్పాం. రాతి అరుగు తీసేశాం. బాత్రూము గడప కోసేసి వాలు ఇచ్చాం. బాత్రూము తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాం. లోపలికి తెరుచుకునే తలుపైతే, మనిషి దాని వెనకే పడిపోతే ఎవరూ లోపలికి వెళ్ళలేరు. మంచం ఎత్తు తగ్గించాం. బల్ల మూలలకు రబ్బరు తొడిగాం.

మెత్తటి నేల జబ్బును నయం చేయదు. మాత్ర మానేస్తే ఏ నేలా కాపాడదు. ఆ మాట లహరికి ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆ పిల్ల, తెలుసాంటీ, ఇక రేకులోంచే తీసి వేసుకుంటాను అంది.

రంగు దగ్గర మళ్ళీ గొడవ. చూసినవాళ్ళు గుర్తుపట్టకుండా టేకు చెక్కలా కనిపించే షీటు వేయమన్నారు భాస్కరరావు గారు. ఎవరైనా అడిగితే అమ్మాయి డ్యాన్స్ నేర్చుకుంటోంది, అందుకు వేయించాం అని చెప్పమన్నారు. నేను చెప్పనండీ, మీ అబద్ధాలు మీరే చెప్పుకోండి, నన్ను కలపకండి అన్నాను. లహరి కేటలాగు తీసుకుని పేజీలు తిప్పి, ఏ డిజైనూ లేని లేతాకుపచ్చ మీద వేలు పెట్టింది. అచ్చం ఆస్పత్రిలా ఉంటుందే అన్నారు తండ్రి. ఆస్పత్రిలో పడితే దెబ్బ తగలదు నాన్నా అంది పిల్ల. పద్మ గారు మొదటిసారి భర్త మాటకు ఎదురు వెళ్ళి, అదే వేయండి మేడం గారూ అన్నారు.

మేనత్త వచ్చిన రోజు

షీటు వేసిన వారం తర్వాత అంచులు పట్టాయో లేదో చూడటానికి వెళ్ళాను. అదే పూట పిఠాపురం నుంచి భాస్కరరావు గారి అక్క సుభద్ర గారు వచ్చారు. ఆవిడ గృహప్రవేశానికి వచ్చి ఆ గదిని మెచ్చుకున్నవాళ్ళలో ఒకరు. గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడకు ఏం చెప్పాలో తెలియక పద్మ గారు కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"ఇదేంట్రా తమ్ముడూ, లక్షణమైన నేల మీద ఈ రబ్బరు పరిచావు?" అన్నారు సుభద్ర గారు.

భాస్కరరావు గారు సిద్ధంగానే ఉన్నారు. "అమ్మాయి డ్యాన్స్ నేర్చుకుంటానంటే..." అని మొదలుపెట్టారు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని మూల అంచు నొక్కి చూస్తున్నాను. తల ఎత్తలేదు. ఎత్తితే నా నోరు ఊరుకోదని నాకు తెలుసు. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

"డ్యాన్స్ లేదు ఏమీ లేదత్తా," అంది లహరి. "నాకు ఫిట్స్ వస్తాయి. పడితే తల పగలకుండా వేయించుకున్నాం." ఆ పిల్ల మాట పూర్తిగా చెప్పింది. ఏడో తరగతి నుంచి వస్తున్నాయని కూడా చెప్పింది.

సుభద్ర గారు నేల మీద కూలబడ్డారు. చేత్తో ఆ షీటును నిమిరారు. మేనకోడలి నుదుటి మీద మచ్చ చూశారు. అయ్యో అంటారని, సంబంధాల మాట ఎత్తుతారని, లేదా ఏ గుడికి తీసుకెళ్ళాలో చెబుతారని నేను ఎదురుచూస్తున్నాను. ఆవిడ తమ్ముడి వైపు తిరిగారు.

"మా చంటిగాడికి నెలనెలా నీ షాపులోంచే కదరా మందులు పట్టుకెళుతున్నాను," అన్నారు. "ఎవరికీ చెప్పకక్కా, నా భార్యకు కూడా చెప్పను అని నువ్వే కదా అన్నావు."

చంటి ఆవిడ మనవడు. తల్లిదండ్రులకు బదిలీల ఉద్యోగాలు కావడంతో ఆవిడ దగ్గరే ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. భాస్కరరావు గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒకే రక్తం, ఒకే జబ్బు, ఒకే షాపులో మందులు. అక్క సంగతి ఈ ఇంట్లో చెప్పలేదు, ఈ ఇంటి సంగతి అక్కకు చెప్పలేదు. రెండు ఇళ్ళ గుట్టూ తన దగ్గరే పెట్టుకుని, ఇద్దరి పరువూ కాపాడుతున్నానని అనుకున్నాడాయన. ఎంత పరువండీ అది!

"వాడు ఈ భూమ్మీద తనొక్కడికే ఇలా ఉందనుకుంటున్నాడురా," అన్నారు సుభద్ర గారు. "స్కూలు మానేస్తానని రోజూ ఏడుస్తున్నాడు. అక్క కూతురి కొడుకు అలా ఏడుస్తుంటే, నీ కూతురికీ ఉందన్న ఒక్క మాట చెప్పలేకపోయావు."

ఆవిడ ఏడవలేదు. ఏడుపు కంటే గట్టిగా ఉంది ఆ గొంతు. కాఫీ కప్పులతో గుమ్మంలో నిలబడిపోయిన పద్మ గారు మాత్రం ఏడ్చేశారు.

లహరి వచ్చి మేనత్త పక్కన కూర్చుంది. చంటిగాడి ఫోను నంబరు అడిగింది. వాడు ఏ మాత్రలు వేసుకుంటున్నాడని అడిగింది. పడ్డప్పుడు దెబ్బలు తగులుతున్నాయా అని అడిగింది. మోచేతులు ఎప్పుడూ దోక్కుపోయే ఉంటాయి, ఆటల్లో తగిలాయని చెబుతాడు అన్నారు సుభద్ర గారు.

"వాడి గదిలో నేల ఏంటత్తా?"

"గ్రానైటేనే. మీ గృహప్రవేశంలో ఈ గది చూసి వెళ్ళి, నేనే మొన్న కొత్తగా వేయించాను. ఇంతకంటే నునుపుగా ఉండాలని చెప్పి మరీ వేయించాను."

నేను కొలత టేపు సంచిలో వేసుకుని లేచాను. పిఠాపురానికి ఎప్పుడు రమ్మంటారని సుభద్ర గారిని అడిగాను.